ఎన్నిటిలో ఎన్ని?

(ఉత్తర తెలంగాణ రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉదయము నుండి పెద్దలు మీకు విత్తనములను గురించి, ఎరువులను గురించి, పత్తిలో గులాబి రంగు పురుగును గురించి చెప్పియున్నారు. నాకు ఒప్పగించిన విషయము లెక్కలు. ఆ మాట వినగానే వెనుక వరుసలో కొందరు టీ త్రాగుటకు లేచుచున్నారు. వారిని నేను తప్పు పట్టను. కాని నేను వడ్డీ లెక్కలు చెప్పుటకు రాలేదు. మన కన్నును, మన చెవిని, మన జ్ఞాపకమును నమ్మి సేద్యములో మనమెట్లు నష్టపోవుచున్నామో, ఆ నష్టమును తప్పించుటకు ఎంత చిన్న లెక్క చాలునో చెప్పవలెనని వచ్చితిని.

ముందుగా ఒక వింత చూతము. ఈ ముందు వరుసలో పదిమంది కూర్చున్నారు. ఒక్కొక్కరుగా మీ జన్మనక్షత్రమును చెప్పండి. చూచితిరా! ఆరవ వారిది మఖ, తొమ్మిదవ వారిదియు మఖయే. మీరు ఒకరి మొగము ఒకరు చూచుకొని నవ్వుచున్నారు. ఇది వింతయే కాని, మీరనుకొన్నంత వింత కాదు.

నక్షత్రములు 27, మనుష్యులు 10 మంది. ఇన్ని నక్షత్రములుండగా ఇద్దరిది ఒకటే అగుట అరుదని మనస్సుకు తోచును. లెక్క వేరుగా చెప్పుచున్నది. ఏడుగురు కూర్చున్నచోటనే ఇద్దరి నక్షత్రము కలియుటకు సగము కంటె ఎక్కువ అవకాశమున్నది. పదిమంది కూర్చున్నచోట నూటికి 85 సార్లు కలియును. ఎందుచేతననగా, మొదటివారిని తక్కిన తొమ్మిదిమందితో పోల్చవలెను, రెండవవారిని మిగిలిన ఎనిమిదిమందితో పోల్చవలెను. ఇట్లు కూడుకొని పోయినచో పదిమందిలో 45 జతలున్నవి. మనము చూచినది పదిమంది మనుష్యులను. కలియుటకు సందు కల్పించినవి 45 జతలు. వాటిని మనము లెక్కింపలేదు.

నేను ఈ పూట చెప్పదలచినది అంతయు ఇందులోనే ఉన్నది. ఒక సంగతి జరిగినదని విన్నపుడు, అది జరుగుటకు ఎన్ని సందులుండెనో అడుగవలెను. మన మాటలో చెప్పవలెనన్న, "ఎన్నిటిలో ఎన్ని?" ఇంతే.

మా బాపు వేయించిన బోర్లు

ఈ ప్రశ్నను నేను పుస్తకములో చదువుటకు ముందే మా ఇంట దాని అవసరము వచ్చినది. అప్పుడు నాకు అది తెలియదు.

మాది పాత కరీంనగరము జిల్లాలో ఒక చెల్క ఊరు. మా బాపుకు ఆరెకరముల భూమి, ఒక మోటబావి ఉండెను. చుట్టుప్రక్కల బోర్లు వచ్చిన తరువాత బావి ఎండిపోయినది. మా ప్రాంతమున పాయింటు చూచువాడు ఒకడుండెను. అరచేతిలో కొబ్బరికాయను అడ్డముగా పెట్టుకొని చేను కలియ తిరుగును. కాయ నిలువుగా లేచినచోట రాయి పెట్టును. ఆ రాయి ఉన్నచోట మా బాపు మొదటి బోరు వేయించినాడు. రెండించుల నీళ్ళు పడినవి. ఊరంతయు వచ్చి చూచినది.

మూడవ ఏట ఆ బోరు ఎండినది. మరల ఆయననే పిలిచినారు. రెండవ బోరులో దుబ్బ తప్ప ఏమియు రాలేదు. "పాయింటుకు అడుగు జరిపి వేసినరు" అని ఆయన అన్నాడు. మూడవ బోరును రాయి పెట్టినచోటనే వేసినారు. అదియు పడలేదు. "ఇంకొక్క యాభై అడుగులు పోతె గంగ తగులుతుండె" అని అన్నాడు. మూడవ బోరుతో ఎడ్లజత పోయినది. నాలుగవ బోరుతో ఎకరము ముప్పై గుంటల భూమి పోయినది.

నాలుగవ బోరు వేయుటకు ముందు నేను వద్దని చెప్పితిని. అప్పుడు నేను కాలేజీలో చదువుచుంటిని. మా బాపు చెప్పిన జవాబు ఇప్పటికిని నా చెవిలో ఉన్నది. "ఆయన చూపిన కాడ మన ఊళ్ళె పద్దెనిమిది బోర్లు పడ్డయి రా. పద్దెనిమిది మంది అబద్ధమాడుతరా? నువ్వు సదువుకున్నవు గని, నీళ్ళ సంగతి నీకేమెరుక?" నాకు సమాధానము దొరకలేదు. ఆ పద్దెనిమిది మంది అబద్ధమాడుట లేదు. వారి పొలములలో నిజముగానే నీళ్ళున్నవి.

నాకు దొరకవలసిన సమాధానము ఇది. పద్దెనిమిది బోర్లు పడినవి, సరే. ఎన్నిటిలో పద్దెనిమిది? ఆయన చూపినచోట పడని బోర్లెన్ని? ఆయనను పిలువకుండ వేసినవారి బోర్లు ఎన్ని పడినవి, ఎన్ని పడలేదు? ఈ నాలుగు అంకెలును ఉండవలెను. మా ఊరిలో ఒకే ఒక అంకె తిరుగుచుండెను. తక్కిన మూడింటిని ఎవరును వ్రాసి పెట్టలేదు. అందుచేత ఇప్పుడు ఊహించి నాలుగు గళ్ళు నింపి చూతము.

పాయింటు చూపించి వేసిన బోర్లు 30 అనుకొందము. వాటిలో పడినవి 18, పడనివి 12. చూపించకుండ వేసిన బోర్లు 10 అనుకొందము. వాటిలో పడినవి 6, పడనివి 4. ఇప్పుడు భాగించి చూడండి. చూపించినవారికి పదింట ఆరు పడినవి. చూపించనివారికిని పదింట ఆరే పడినవి. అనగా కొబ్బరికాయ ఒక్క చుక్క నీటిని కూడ అదనముగా తీసికొనిరాలేదు. అయినను ఊరిలో ఆయనకు పద్దెనిమిది మంది సాక్షులున్నారు!

ఆ పన్నెండుగురు ఏమైరి? నీళ్ళు పడినవాడు ఊరిలోనే ఉండి, పచ్చని పొలమును చూపి చెప్పును. పడనివాడు సిగ్గుపడి నోరు విప్పడు. కొందరు భివండికి మగ్గము పనికి పోయిరి, కొందరు దుబాయికి పోయిరి. నష్టపోయినవాని సాక్ష్యము ఊరిలో మిగులదు. గెలిచినవాని మాటయే మిగులును. మనము వినునది ఆ మిగిలిన మాటలనే. కాబట్టి ఎవరైనను "ఇంతమందికి ఫలించినది" అని చెప్పినపుడు, "ఫలించనివారు ఎక్కడున్నారు?" అని వెదుకవలెను.

దీనిని పరీక్షించి చూచినవారు ఉన్నారు. జర్మనీలో 1987, 1988 సంవత్సరములలో ఒక పెద్ద కొట్టమున ఈ పరీక్ష జరిగినది. క్రింది అంతస్తులో నీటి గొట్టమును ఒక గీత వెంట అటు ఇటు జరిపి పెట్టుదురు. పై అంతస్తులో పుల్ల పట్టుకొని నడచువాడు అది ఎక్కడ ఉన్నదో చెప్పవలెను. సుమారు 500 మందిని చూచి, వారిలో నేర్పరులని తోచిన 43 మందిని ఏరి, 843 సార్లు పరీక్షించిరి. పరీక్ష జరిపినవారు వీరిలో కొందరికి నిజముగా శక్తి కలదని వ్రాసిరి. తరువాత జిమ్ ఎన్‌రైట్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు అవే అంకెలను తిరిగి లెక్కించి, గుడ్డిగా చెప్పినను దాదాపు ఇంతే వచ్చెడిదని చూపెను. ఒకనాడు చక్కగా చెప్పినవాడు మరునాడు చెప్పలేకపోయెను.

నీరు కొబ్బరికాయను బట్టి ఉండదు, రాతిని బట్టి ఉండును. కరీంనగరము, జగిత్యాల, సిరిసిల్ల వైపు భూమి క్రింద ఎక్కువగా గట్టి గ్రానైటు ఉన్నది. నీరు పైనున్న మెత్తబడిన పొరలోను, రాతి పగుళ్ళలోను మాత్రమే నిలుచును. పగులు లేనిచోట ఎంత లోతు పోయినను పొడియే వచ్చును. గోదావరి పొడవున రామగుండము, మంచిర్యాల వైపు బొగ్గుగనులున్న ఇసుకరాతి పొరల తీరు వేరు. ఆదిలాబాదు పడమటి వైపు రేగడి క్రిందనున్న నల్లరాయి తీరు వేరు. అందుచేత ఒకచోట పదింట ఎనిమిది పడవచ్చును, మరియొకచోట పదింట మూడే పడవచ్చును. బోరు వేయదలచినవారు ముందు తమ చుట్టునున్న బోర్లను లెక్కించవలెను. ఎన్ని వేసిరి, ఎన్ని పడినవి, ఎంత లోతున పడినవి, ఎన్ని ఏండ్లకు ఎండినవి అని అడిగి వ్రాసికొనవలెను. పిమ్మట భూగర్భజల శాఖవారి సలహా తీసికొనవలెను. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము బోరు వేయుటకు ముందు అనుమతి కూడ పొందవలెను.

దిష్టి తగిలినదా?

ఇప్పుడు మరియొక వింత. ఒక ఏడు ఊరిలో అందరికంటె ఎక్కువ వరి పండించిన రైతును తీసికొనండి. అందరును మెచ్చుకొందురు, పత్రికవారు ఫోటో తీసికొందురు. మరుసటి ఏడు అతని దిగుబడి తగ్గును. ఊరివారు ఏమందురు? "దిష్టి తగిలింది" అందురు.

దిష్టి కాదు. ఒక ఏటి పంటలో రెండు పాళ్ళున్నవి. ఒకటి రైతు నేర్పు, నేల సారము. ఇవి మరుసటి ఏడును ఉండును. రెండవది ఆ ఏటి అదృష్టము. సరిగా పొట్టదశలో వాన పడుట, దోమ పోటు ప్రక్క పొలముతోనే ఆగిపోవుట, కోతలనాడు ఎండ కాయుట మొదలగునవి. ఊరిలో మొదటివాడైన రైతుకు సాధారణముగా ఆ ఏడు నేర్పును ఉండెను, అదృష్టమును ఉండెను. మరుసటి ఏడు నేర్పు ఉండును. అదృష్టము మాత్రము ప్రతి ఏడును అంత ఎక్కువగా రాదు. కాబట్టి సగటు వైపు కొంత దిగును. ఇదే విధముగా అందరికంటె వెనుకబడినవాడు మరుసటి ఏడు కొంత పైకి వచ్చును.

ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అను శాస్త్రజ్ఞుడు 1875లో దీనిని గింజలతోనే చూచెను. స్వీట్ పీ అను బఠానీ జాతి పూలమొక్క గింజలను పరిమాణమును బట్టి ఏడు తరగతులుగా ఏర్పరచి, తన మిత్రులకు పంపి నాటించెను. పెద్ద గింజల సంతానము సగటు కంటె పెద్దదే, కాని తల్లి గింజలంత పెద్దది కాదు. చిన్న గింజల సంతానము సగటు కంటె చిన్నదే, కాని తల్లి గింజలంత చిన్నది కాదు.

ఇందులో మన డబ్బుకు సంబంధించిన సంగతి ఏమున్నది? చాల ఉన్నది. పంట బాగుగా దెబ్బతిన్న మరుసటి ఏడే దుకాణములో మనకు కొత్త టానిక్కు అమ్ముదురు. పంట చెడిన రైతే క్రొత్త మందు కొనును. ఆ ఏడు దిగుబడి పెరుగును. పెరుగుట ఆ మందు వలననా, లేక చెడ్డ ఏడు గడచి మామూలు ఏడు వచ్చుట వలననా? పచ్చదోమ ఎక్కువగా ఉన్ననాడు మందు కొట్టి, వారము తరువాత తగ్గినదని సంతోషింతుము. వాన పడి దోమ తనంతట తానే తగ్గెనా? చేనులో నాలుగు సాళ్ళకు మందు కొట్టక విడిచిననే ఇది తెలియును. విడువనిచో ఎన్ని ఏండ్లు కొట్టినను తెలియదు. అందుచేత మన మొదటి ప్రశ్నకు ఒక తమ్ముడు పుట్టినాడు. "ఎన్నిటిలో ఎన్ని?" అన్న తరువాత "దేనితో పోల్చి?" అని అడుగవలెను.

ఎనిమిది గుంటల పరీక్ష

పోల్చుట అనగా ఏదో ఒక విధముగా పోల్చుట కాదు. మన రైతు క్రొత్త విత్తనము తెచ్చినచో దానిని ఎక్కడ వేయును? బావి దగ్గర, పెంటకుప్ప ప్రక్కన, అన్నిటికంటె మంచి మడిలో వేయును. పాత విత్తనమును చివరి మడిలో వేయును. క్రొత్తది ఎక్కువ పండినచో విత్తనము గెలిచినదా, మడి గెలిచినదా?

ఈ చిక్కును విప్పినవాడు రోనాల్డ్ ఫిషర్. లండనుకు ఉత్తరమున రోథమ్‌స్టెడ్ అను వ్యవసాయ పరిశోధన స్థానము కలదు. అక్కడ 1843 నుండి ఒకే చేనులో గోధుమతో ఎరువుల పరీక్షలు జరుగుచున్నవి. ఫిషర్ 1919లో అక్కడ ఉద్యోగమునకు చేరెను. ఎన్నో ఏండ్ల దిగుబడి అంకెలు అక్కడ పేరుకొని యుండెను. వాటిని చూచి ఆయన రెండు సూత్రములు చెప్పెను. ఒకటి, ఒకే మడిని నమ్మక పరీక్షను పలుమార్లు, పలు మళ్ళలో చేయవలెను. రెండు, ఏ మడిలో ఏది వేయవలెనో మనము ఏరుకొనరాదు, చీటీలు వేసి నిర్ణయించవలెను. చీటీకి మన విత్తనముపై ప్రేమ లేదు, అమ్మినవానిపై మొగమాటము లేదు.

దీనికి ఒక టీ కథ కలదు. రోథమ్‌స్టెడ్‌లో పనిచేయు ఒక మహిళా శాస్త్రజ్ఞురాలు, కప్పులో ముందు పాలు పోసిరో, ముందు టీ పోసిరో రుచి చూచి చెప్పగలనని అన్నది. నవ్వి ఊరకుండక ఫిషర్ ఆ మాటను పరీక్షగా ఆలోచించెను. ఎనిమిది కప్పులలో నాలుగింటిలో ముందు పాలు, నాలుగింటిలో ముందు టీ. ఎనిమిదింటిలో నాలుగింటిని ఏరుటకు 70 విధములున్నవి. ఏమియు తెలియనివాడు గుడ్డిగా ఏరినచో అన్నియు సరిపోవుట 70లో ఒకసారి మాత్రమే జరుగును. ఈ ఆలోచనను ఆయన 1935లో వెలువడిన తన గ్రంథములో వివరించెను.

మీరును ఇట్లే చేయవచ్చును. ఎకరమునకు 40 గుంటలు, గుంట అనగా 33 అడుగులు పొడవు, 33 అడుగులు వెడల్పు. మీ పొలములో ఎనిమిది గుంటలు విడిగా గుర్తు పెట్టుకొనండి. ఇది ఎకరములో ఐదవ వంతు మాత్రమే. ఎనిమిది చీటీలు వ్రాసి, నాలుగింటిపై పాతది, నాలుగింటిపై క్రొత్తది అని గుర్తు వేసి, కుండలో కలిపి, పిల్లవానిచేత తీయించండి. ఒకేనాడు విత్తి, ఒకే ఎరువు, ఒకే నీరు ఇచ్చి, కోతలలో దేని ధాన్యము దానికి విడిగా తూచండి. క్రొత్త విత్తనమున్న నాలుగు గుంటలును పాత విత్తనమున్న నాలుగు గుంటల కంటె ఎక్కువ పండినచో, అది కేవలము అదృష్టము వలన జరుగుట 70లో ఒకసారి మాత్రమే. అప్పుడు నమ్మవచ్చును. రెండును కలగాపులగముగా ఉన్నచో ఇంకొక ఏడు చూడవలెను. అంతవరకు ఆరెకరములలో వేయరాదు.

పొలాసలోని పరిశోధన స్థానమునుండి జగిత్యాల సన్నాలు వచ్చినను, కూనారమునుండి కూనారం సన్నాలు వచ్చినను, ఆదిలాబాదు పరిశోధన స్థానములో పత్తి రకములను చూచినను ఇదే పద్ధతి. పలుచోట్ల, పలు ఏండ్లు, పలు మళ్ళలో పోల్చి, రైతుల పొలములలో చిరుసంచులుగా ఇచ్చి చూచిన తరువాతనే విడుదల చేయుదురు. "సార్లు ఇంత ఆలస్యము ఎందుకు చేయుదురు?" అని మీరడుగుదురు. ఒక ఏటి అదృష్టమును విత్తనము గుణమని మీకు అమ్మకుండుటకే ఆ ఆలస్యము.

ఒక మెతుకు పట్టి చూచుట

పంటకోత ప్రయోగములను గురించి మీకు ఒక ఫిర్యాదు ఉన్నది. "ఊరంత పంటను ఇంత చిన్న మడి కోసి ఎట్ల చెప్తరు?" అని. అన్నము ఉడికినదో లేదో మీ ఇంట ఎట్లు చూతురు? కుండంతయు తినరు కదా, ఒక మెతుకు పట్టి చూతురు. ఈ మెతుకు న్యాయము మంచిదే. కాని క్రింద మాడి పైన బియ్యముగా ఉన్న కుండలో ఒక్క మెతుకు మోసము చేయును. పొలమును గరిటెతో కలుపలేము. కాబట్టి ఏ ఊరిలో, ఏ పొలములో, ఏ మూల కోయవలెనో చీటీల వంటి పద్ధతిలో, అంకెల పట్టిక చూచి నిర్ణయింతురు. బాగున్నచోట కోయుమని రైతు అడిగినను, బాగులేనిచోట కోయుమని మరియొకరు అడిగినను వినరాదు.

వరిలో 5 మీటర్లు పొడవు, 5 మీటర్లు వెడల్పు గల మడిని కోయుదురు. అట్టి మళ్ళు ఎకరములో సుమారు 162 ఉన్నవి. మడిలో 15 కిలోలు వచ్చినచో ఎకరమునకు సుమారు 24 క్వింటాళ్ళు. ఇంకను చిన్న మడి చాలదా? ఇందులో ఒక సూక్ష్మమున్నది. కలకత్తాలో 1931లో భారత గణాంక సంస్థను స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్, చిన్న మళ్ళు కోసినపుడు దిగుబడి అసలు కంటె ఎక్కువగా కనబడుటను గమనించెను. కారణము, తాడు అంచున నిలిచిన దుబ్బులను కోసినవాడు లోపలివిగా కలుపుకొనును. అన్ని వైపుల 10 సెంటీమీటర్లు అదనముగా కోసిరనుకొనండి. 5 మీటర్ల మడిలో నూటికి 8 పాళ్ళు తప్పు వచ్చును. ఒక మీటరు మడిలో అదే పొరపాటు నూటికి 44 పాళ్ళు తప్పగును! చేయి ఒకటే, పొరపాటు ఒకటే, మడి చిన్నదగుటచే తప్పు పెద్దదైనది.

మహలనోబిస్ సంస్థలోనే 1941లో చేరి, ప్రపంచమున పేరెన్నికగన్న గణాంక శాస్త్రజ్ఞుడైనవాడు మన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920లో హడగలిలో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివి, 2023లో 102 ఏండ్ల వయస్సున మరణించెను. ఆ సంవత్సరమే ఆయనకు అంతర్జాతీయ గణాంక బహుమతి లభించినది. ఈ శాస్త్రము మనకు పరాయిది కాదని చెప్పుటకు ఆయన పేరు తలచితిని.

మొదటి వాన

చివరగా, జూన్ నెల వచ్చుచున్నది గనుక వానను గురించి ఒక మాట. జూన్ 7, 8 తేదీలలో మృగశిర ప్రవేశించును. ఒక మంచి వాన పడగానే ఆదిలాబాదు రేగళ్ళలో పత్తి గింజ పెట్టువారున్నారు. 10 మిల్లీమీటర్ల వాన పడినచో ఎకరముపై సుమారు 40,000 లీటర్ల నీరు పడినట్లు. అంకె వినుటకు పెద్దది. కాని ఎండాకాలమంతయు కాగిన రేగడి దానిని పైపైననే త్రాగివేయును. గింజ మొలచి, క్రింద తడి లేక మాడిపోవును. మరల విత్తనము, మరల కూలి, మరల అప్పు.

తేలిక నేలలలో 50 నుండి 60, బరువు నేలలలో 60 నుండి 75 మిల్లీమీటర్ల వాన పడిన తరువాతనే పత్తి విత్తవలెనని విశ్వవిద్యాలయము చెప్పుచున్నది. "పోయిన ఏడు మొదటి వానకే పెట్టిన, మంచిగ మొలిచింది" అని ప్రక్క రైతు చెప్పును. అతడు చెప్పినది నిజమే. మీరడుగవలసినది, "పది ఏండ్లలో ఎన్ని ఏండ్లు మొలిచినది?" పదింట ఏడు మార్లు మొలచి మూడు మార్లు మాడినచో, ఆ మూడు ఏండ్ల ఖర్చును ఏడు ఏండ్ల లాభములో నుండి తీసివేసి చూడవలెను.

సగటును కూడ గుడ్డిగా నమ్మరాదు. జూన్ నెలలో రెండు ఊళ్ళకును 120 మిల్లీమీటర్లు పడినవనుకొందము. ఒక ఊరిలో పదిరోజులలో పంచుకొని పడినది, మరియొక ఊరిలో రెండు రోజులలో కుంభవృష్టిగా పడి, మిగిలిన 28 రోజులు ఎండ కాచినది. కాగితముమీద రెండు ఊళ్ళును ఒకటే. చేలలో ఒకటి కాదు. మండల కేంద్రములో వాన కొలిచిన అంకె మీ చేనిది కాకపోవచ్చును. అంచులు నిట్టనిలువుగా ఉన్న డబ్బా ఒకటి చెట్టుకు, ఇంటికి దూరముగా పెట్టి, వాన వెలిసిన వెంటనే స్కేలుతో కొలిచి వ్రాసికొనండి. ఇందుకు పైసా ఖర్చు లేదు.

సోదరులారా! ఇంటికి పోవునపుడు మూడు ప్రశ్నలు మాత్రము గుర్తుంచుకొనండి. ఎవరైనను ఒక విత్తనమును, మందును, పాయింటును మెచ్చుకొనినచో, ఎన్నిటిలో ఎన్ని అని అడుగవలెను. దేనితో పోల్చి చెప్పుచున్నారని అడుగవలెను. నష్టపోయినవారిని కూడ లెక్కలో చేర్చిరా అని అడుగవలెను. అడిగిన మాత్రమున ఎవరిని అవమానించినట్లు కాదు.

మా బాపు ఇప్పుడు లేడు. ఆయన పోయిన తరువాత పాత ఇంటికి సున్నము వేయించుచు, అర్ర తలుపు వెనుక గోడమీద బొగ్గుతో వ్రాసిన నాలుగు అంకెలు చూచితిని. 180, 220, 260, 310. అవి ఆయన వేయించిన నాలుగు బోర్ల లోతులు, అడుగులలో. చదువు రాకున్నను మా బాపు లెక్క వ్రాసినాడు. తన నాలుగింటి లెక్క తాను వ్రాసికొన్నాడు. ఊరందరి బోర్ల లెక్క ఒకచోట ఉండియుంటే, నాలుగవ అంకె ఆ గోడమీద ఉండెడిది కాదేమో.

కాబట్టి నేను మిమ్ములను ఒకటే కోరుచున్నాను. మీ రైతు వేదికలో ఒక పుస్తకము పెట్టండి. ఊరిలో వేసిన ప్రతి బోరును, పడినదానిని, పడనిదానిని, ఎంత లోతో, ఎన్నడు ఎండినదో అందులో వ్రాయండి. పడనివారు సిగ్గుపడనక్కరలేదు. ఆ పుస్తకములో వారి వ్రాతయే అన్నిటికంటె విలువైనది. దానిని చూచి ఒక రైతు తన ఎడ్లజతను నిలుపుకొనినచో, ఈ లెక్కల మాస్టరు పడిన శ్రమ ఫలించినట్లే.